విమ్‌లో ట్యాబ్ మాట వినడం లేదు, రంగులు పోయాయి, సర్వర్‌లో యారో కీలు ఏబీసీడీ కొడుతున్నాయి: ఏం చేయాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది పైకి ఒక్క ప్రశ్నలా ఉంది గానీ అందులో మూడు వేర్వేరు సమస్యలున్నాయి. తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నీ గోడు నా మాటల్లో చెప్తాను.

గచ్చిబౌలిలో కొత్తగా ఉద్యోగంలో చేరావు. ల్యాప్‌టాప్‌లో డెబియన్ లైనక్స్ ఉంది. విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ కోసం హోమ్ ఫోల్డర్‌లో డాట్ విమ్‌ఆర్‌సీ అనే సెట్టింగ్‌ల ఫైల్ పెట్టి ఐదు లైన్లు రాశావు: లైన్ నంబర్లు, ట్యాబ్‌స్టాప్ 4, షిఫ్ట్‌విడ్త్ 4, ఎక్స్‌ప్యాండ్‌ట్యాబ్, ఇంకా ‘ఫైల్‌టైప్ ప్లగిన్ ఇండెంట్ ఆన్’. పైథాన్ ఫైల్లో ట్యాబ్ కొడితే 4 స్పేస్‌లు పడుతున్నాయి, యామల్ (కాన్ఫిగ్ ఫైళ్లు రాసే ఒక పద్ధతి) ఫైల్లో మాత్రం 2 పడుతున్నాయి. ఆ విమ్‌ఆర్‌సీ పెట్టిన రోజు నుంచే రంగులు కూడా పోయాయి. ఆఫీసు సర్వర్‌లో వీఐ (విమ్‌కు మూలమైన పాత ఎడిటర్) తెరిచి, ఇన్సర్ట్ మోడ్‌లో, అంటే అక్షరాలు టైప్ చేసే స్థితిలో, యారో కీ నొక్కితే ఏ, బీ, సీ, డీ అని అక్షరాలు పడుతున్నాయి. మీ సీనియరేమో ‘నెట్‌లో నాలుగొందల లైన్ల విమ్‌ఆర్‌సీ ఉంది, అది పెట్టేసుకో, అన్నీ సెట్ అయిపోతాయి’ అన్నారు. పెట్టుకోవాలా వద్దా అని అడిగావు.

వద్దు. ఎందుకో కిందికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ఇంకో మాట. ఆప్షన్ల పేర్లు మనం నోటితో పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. నువ్వు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో, చిన్నక్షరాల్లో, ఆప్షన్ పేరు మధ్యలో స్పేస్ లేకుండా కొట్టు. కోలన్ అన్నచోట ముందు ఎస్కేప్ నొక్కి తర్వాత కోలన్ కొట్టాలి.

ముందు రంగుల సంగతి చూద్దాం, ఎందుకంటే దీనికే జనం ఎక్కువ కంగారు పడతారు. ‘ఖాళీ ఫైల్ పెట్టినా రంగులు పోతున్నాయి, ఇదేం విచిత్రం’ అంటారు. విచిత్రం ఏమీ లేదు. విమ్ 8.0 వచ్చినప్పుడు, అంటే 2016లో, ‘డిఫాల్ట్స్ డాట్ విమ్’ అనే ఫైల్ ఒకటి దాంతో పాటే ఇవ్వడం మొదలుపెట్టారు. సింటాక్స్ రంగులు (కోడ్‌లో భాగాలకు వేర్వేరు రంగులు), టైప్ చేస్తుండగానే వెతకడం, స్క్రీన్ అంచుకు చేరకముందే స్క్రోల్ అవడం, ఇలాంటి మంచి అలవాట్లన్నీ అందులో ఉంటాయి. అయితే ఒక షరతు ఉంది. యూజర్‌కు సొంత విమ్‌ఆర్‌సీ లేకపోతేనే విమ్ దాన్ని చదువుతుంది. నీ ఫైల్ కనపడగానే ‘ఇతనికి తన పద్ధతి ఉంది, మనం మధ్యలో దూరకూడదు’ అని ఊరుకుంటుంది. కాబట్టి నువ్వు రాసిన ఐదు లైన్లలో తప్పేం లేదు. ఆ ఫైల్ ఉండటంతోనే ఇంకో ఫైల్ ఆగిపోయింది, అంతే.

దీనికి మందు ఒక్క లైన్. నీ విమ్‌ఆర్‌సీలో అన్నిటికన్నా పైన ‘రన్‌టైమ్ డిఫాల్ట్స్.విమ్’ అని రాయి. పైనే ఎందుకంటే, విమ్ పై నుంచి కిందికి చదువుకుంటూ పోతుంది, తర్వాత వచ్చినవాడి మాటే చెల్లుతుంది. డిఫాల్ట్స్ ముందు వచ్చి, నీ లైన్లు తర్వాత వస్తే నీ మాట నెగ్గుతుంది. అదే కింద రాస్తే నువ్వు పెట్టినవాటిలో కొన్నిటిని అది తిరిగి మార్చేస్తుంది.

ఈ లైన్ పెట్టగానే నీకు ఇంకో తలనొప్పి వస్తుంది, ఇప్పుడే చెప్పి పెడుతున్నాను. డిఫాల్ట్స్ ఫైల్ మౌస్‌ను కూడా ఆన్ చేస్తుంది. అప్పటిదాకా టెర్మినల్‌లో మౌస్‌తో నాలుగు లైన్లు సెలెక్ట్ చేసి, కాపీ చేసి, చాట్‌లో పేస్ట్ చేస్తుంటావు కదా, అది ఆగిపోతుంది. సెలెక్ట్ చేస్తే విమ్ విజువల్ మోడ్‌లోకి (తన సొంత సెలెక్షన్‌లోకి) వెళ్తుంది, రైట్ క్లిక్ పనిచేయదు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని సెలెక్ట్ చేస్తే మామూలుగా కాపీ అవుతుంది. లేదంటే డిఫాల్ట్స్ లైన్ కింద ‘సెట్ మౌస్=’ అని, ఈక్వల్ గుర్తు తర్వాత ఏమీ రాయకుండా వదిలేయి. నేను సర్వర్లలో రెండోదే చేస్తాను. అలా కాపీ చేసేటప్పుడు లైన్ నంబర్లు కూడా అంటుకుని వస్తాయి. దానికి ఒకసారి ‘సెట్ నోనంబర్’ కొట్టి, పని అయ్యాక మళ్లీ పెట్టుకో.

రంగులు వచ్చాక నల్ల స్క్రీన్ మీద కామెంట్లు ముదురు నీలంలో పడి కళ్లు లాగుతుంటే ‘సెట్ బ్యాక్‌గ్రౌండ్=డార్క్’ పెట్టు. రంగుల గురించి ఇంతకన్నా ఎక్కువ ఆలోచించకు. కలర్‌స్కీమ్‌లు మారుస్తూ కూర్చుంటే శని, ఆదివారాలు రెండూ అందులోనే పోతాయి.

ఇప్పుడు అసలు విషయం, ట్యాబ్.

యామల్ ఫైల్ తెరిచి ‘కోలన్ వెర్బోస్ సెట్ షిఫ్ట్‌విడ్త్?’ అని కొట్టి చూడు. చివర్లో ప్రశ్నార్థకం మర్చిపోకు. కింద రెండు లైన్లు వస్తాయి. మొదటి లైన్లో షిఫ్ట్‌విడ్త్ ఈక్వల్ 2 అని ఉంటుంది. రెండో లైన్లో ‘లాస్ట్ సెట్ ఫ్రమ్’ అని ఉండి, ఆ పక్కన ఒక ఫైల్ దారి ఉంటుంది. యూఎస్‌ఆర్, షేర్, విమ్, విమ్91, ఎఫ్‌టీప్లగిన్, ఆఖర్న యామల్ డాట్ విమ్, దాని పక్కన లైన్ నంబర్ కూడా. దొంగ ఎవరో పేరు, అడ్రస్‌తో సహా చెప్పేసింది. విమ్‌లో ఒక్క కమాండే నేర్చుకుంటానంటే నేను ఇదే నేర్పుతాను. ‘నేను పెట్టిన సెట్టింగ్ పనిచేయడం లేదు’ అనే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఆ రెండో లైన్లోనే ఉంటుంది.

ఎందుకిలా జరిగిందంటే, ‘ఫైల్‌టైప్ ప్లగిన్ ఇండెంట్ ఆన్’ అని నువ్వే రాశావు. దాని అర్థం, ఏ రకం ఫైల్ తెరిస్తే ఆ రకానికి తగ్గ చిన్న స్క్రిప్ట్‌ను చదవమని. నీ విమ్‌ఆర్‌సీ విమ్ మొదలైనప్పుడు చదివేస్తుంది, ఆ స్క్రిప్ట్ ఫైల్ తెరిచినప్పుడు వస్తుంది. అంటే నీ తర్వాత వచ్చింది, దాని మాట చెల్లింది. యామల్‌కు 2 స్పేస్‌లు అని ఆ స్క్రిప్ట్ పెడుతుంది. పైథాన్‌కు ఎలాగూ 4 పెడుతుంది, నీకూ 4 కావాలి కాబట్టి అక్కడ గొడవ కనపడలేదు. మేక్‌ఫైల్ (మేక్ అనే బిల్డ్ టూల్‌కు కమాండ్లు రాసే ఫైల్) తెరిచి చూస్తే నీ ఎక్స్‌ప్యాండ్‌ట్యాబ్‌ను కూడా తీసేసి ఉంటుంది. అది నీ మంచికే, ఎందుకంటే మేక్‌ఫైల్లో కమాండ్ లైన్ ముందు నిజమైన ట్యాబ్ ఉండి తీరాలి. స్పేస్‌లు పెడితే ‘మిస్సింగ్ సెపరేటర్’ అని మేక్ ఆగిపోతుంది. ఈ ఒక్క ఎర్రర్‌తో సాయంత్రం అంతా పోగొట్టుకున్నవాళ్లు మాధాపూర్‌లో ఏ టీమ్‌ను అడిగినా ఒకరిద్దరు దొరుకుతారు.

ఈ ట్యాబ్ ఆప్షన్లు నాలుగున్నాయి, నాలుగూ ఒకటే అనుకుని అందరూ అన్నిటికీ ఒకే నంబర్ పెట్టేస్తారు. విడివిడిగా చూడు. ఫైల్లో ముందే ఉన్న ట్యాబ్ అక్షరం స్క్రీన్ మీద ఎంత వెడల్పు కనపడాలో ట్యాబ్‌స్టాప్ చెప్తుంది. దాని మామూలు విలువ 8. నువ్వు ట్యాబ్ కీ కొట్టినప్పుడు ఎంత ముందుకు జరగాలో సాఫ్ట్‌ట్యాబ్‌స్టాప్ చెప్తుంది. లైన్‌ను కుడికీ ఎడమకీ జరిపే కమాండ్లు, ఆటోమేటిక్ ఇండెంట్, ఇవి షిఫ్ట్‌విడ్త్ చూస్తాయి. కొట్టిన ట్యాబ్‌ను స్పేస్‌లుగా మార్చాలా వద్దా అన్నది ఎక్స్‌ప్యాండ్‌ట్యాబ్.

నా సలహా ఏమిటంటే ట్యాబ్‌స్టాప్ జోలికి పోకు, 8 దగ్గరే వదిలేయి. షిఫ్ట్‌విడ్త్ 4, సాఫ్ట్‌ట్యాబ్‌స్టాప్ మైనస్ 1, ఎక్స్‌ప్యాండ్‌ట్యాబ్, ఇవి చాలు. మైనస్ 1 అంటే ‘షిఫ్ట్‌విడ్త్ ఎంతుంటే నాదీ అంతే’ అని. ట్యాబ్‌స్టాప్‌ను 4కి తగ్గిస్తే ఏమవుతుందో చెప్తాను. ఎవరో ట్యాబ్‌లు, స్పేస్‌లు కలిపి రాసిన పాత ఫైల్ నీకు చక్కగా లైన్‌లో కనపడుతుంది, పక్కవాడి స్క్రీన్ మీదా, క్యాట్ కమాండ్‌లోనూ మెట్లు మెట్లుగా కనపడుతుంది. ట్యాబ్‌స్టాప్ 8 ఉంచుకుంటే ఆ కలగాపులగం నీకు వెంటనే కళ్లబడుతుంది. అప్పుడు ‘కోలన్ సెట్ లిస్ట్’ కొట్టావంటే ట్యాబ్ ఉన్నచోట పైకప్పు గుర్తు, ఐ అక్షరం కనపడతాయి, లైన్ చివర డాలర్ గుర్తు కనపడుతుంది. డాలర్‌కు ముందు ఖాళీ ఉంటే అక్కడ పనికిరాని స్పేస్‌లున్నట్టు. యామల్‌లో ఇండెంట్ కోసం ట్యాబ్ అక్షరం అసలు పనికిరాదు, కాబట్టి డిప్లాయ్‌మెంట్ ఫైల్ ఎందుకు ఫెయిల్ అయిందో తెలియక తల పట్టుకున్నప్పుడు ముందు ఈ లిస్ట్ ఆన్ చేసి చూడు.

యామల్‌లో కూడా నాకు 4 కావాల్సిందే అంటే దారి ఉంది. హోమ్‌లో డాట్ విమ్ ఫోల్డర్ కింద ‘ఆఫ్టర్’ అని ఫోల్డర్, దాని కింద ‘ఎఫ్‌టీప్లగిన్’, అందులో ‘యామల్.విమ్’ అనే ఫైల్. ఆ ఫైల్లో ‘సెట్‌లోకల్ షిఫ్ట్‌విడ్త్=4 సాఫ్ట్‌ట్యాబ్‌స్టాప్=-1’. రెండోది కూడా కావాలి, ఎందుకంటే యామల్ స్క్రిప్ట్ సాఫ్ట్‌ట్యాబ్‌స్టాప్‌ను కూడా 2 చేస్తుంది. ఆఫ్టర్ ఫోల్డర్‌ను పేరుకు తగ్గట్టే విమ్ చివర్లో చదువుతుంది కాబట్టి ఈసారి ఆఖరి మాట నీది. ఇక్కడ సెట్ అనకుండా సెట్‌లోకల్ అనే రాయాలి. సెట్ అని రాస్తే, యామల్ ఒకసారి తెరిచాక ఆ తర్వాత తెరిచే ఫైళ్లకు కూడా ఆ విలువే అంటుకుంటుంది. అప్పుడు ‘పొద్దున బాగానే ఉంది, మధ్యాహ్నానికి చెడిపోయింది’ అంటూ ఇంకో ప్రశ్న పెట్టాల్సి వస్తుంది.

కానీ నిజంగా 4 కావాలా అని ఒకసారి ఆలోచించు. మీ టీమ్ రెపోలో యామల్ అంతా 2 స్పేస్‌లతో ఉంటే నువ్వు 4 పెట్టి సేవ్ చేసిన ప్రతి ఫైలూ రివ్యూలో రచ్చ అవుతుంది. ఎన్ని స్పేస్‌లు అన్నది ప్రాజెక్ట్ తేల్చాల్సిన విషయం. రెపోలో డాట్ ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైల్ (ఇలాంటి సెట్టింగ్‌లు ప్రాజెక్ట్ మొత్తానికి చెప్పేది) ఉందేమో చూడు. నియోవిమ్ (విమ్ నుంచి పుట్టిన ఇంకో ఎడిటర్) 0.9 నుంచి దాన్ని దానంతట అదే చదువుతుంది. మామూలు విమ్ కొత్త వెర్షన్లలో ‘ప్యాక్‌యాడ్! ఎడిటర్‌కాన్ఫిగ్’ అని ఒక లైన్ రాయాలి. అలాంటి ఫైల్ లేకపోతే పెట్టమని మీ లీడ్‌ను అడుగు. కొత్తగా చేరినవాడు అడగకూడని ప్రశ్న కాదది.

ఈ వరుసలో ఇంకొకడు కూడా ఉన్నాడు, మోడ్‌లైన్. ఫైల్ మొదటి ఐదు లైన్లలోనో చివరి ఐదు లైన్లలోనో కామెంట్‌లో ‘విమ్: సెట్ ఎస్‌డబ్ల్యూ=8:’ లాంటిది (ఎస్‌డబ్ల్యూ అంటే షిఫ్ట్‌విడ్త్) రాసి ఉంటే, విమ్ దాన్ని చదివి అమలు చేస్తుంది. అంటే ఫైల్ రాసినవాడు నీ ఎడిటర్‌ను మార్చగలడు. 2019లో సరిగ్గా ఇక్కడే పెద్ద సెక్యూరిటీ లోపం బయటపడింది. ఎవరో పంపిన ఫైల్ తెరిస్తే చాలు, వాళ్లు రాసిన కమాండ్ నీ మెషిన్ మీద నడిచేది. 8.1.1365 ప్యాచ్‌తో సరిచేశారు. డెబియన్, ఉబుంటుల్లో మోడ్‌లైన్ ముందు నుంచే ఆఫ్ చేసి ఇస్తారు. అలాగే ఉండనీ.

ఇక సర్వర్ దగ్గరికి వద్దాం. అక్కడ ‘వీఐ --వెర్షన్’ కొట్టి పై నాలుగైదు లైన్లు చదువు. ‘హ్యూజ్ వెర్షన్’ అని ఉంటే పూర్తి విమ్ ఉన్నట్టు. ‘టైనీ’ అనో ‘స్మాల్’ అనో ఉంటే చిన్న ముక్కే ఉన్నట్టు. డెబియన్, ఉబుంటు చిన్న ఇన్‌స్టాలేషన్లలో వచ్చేది ఈ విమ్-టైనీయే. పైగా దాని సిస్టమ్ సెట్టింగ్ ఫైల్లో ‘సెట్ కంపాటిబుల్’ అని రాసి ఉంటుంది, అంటే 1970ల నాటి పాత వీఐ లాగే నడుచుకోమని.

ఆ ఏబీసీడీ ఎక్కడి నుంచి వస్తుందో ఒకసారి దగ్గరగా చూడు, సరదాగా ఉంటుంది. యారో కీ అంటే ఒకే కీ అని మనం అనుకుంటాం. టెర్మినల్ మాత్రం దానికి మూడు అక్షరాలు పంపుతుంది. పై బాణానికి ఎస్కేప్, పెద్ద ఓ, పెద్ద ఏ. కింది బాణానికి చివర్లో బీ, కుడికి సీ, ఎడమకి డీ. మామూలు విమ్ ఈ మూడూ కలిపి ఒక కీ అని గుర్తుపడుతుంది. కంపాటిబుల్ మోడ్‌లో ఇన్సర్ట్‌లో ఉండగా గుర్తుపట్టదు, ఒక్కొక్కటిగా తీసుకుంటుంది. ఎస్కేప్ రాగానే ఇన్సర్ట్ మోడ్ నుంచి బయటికి వస్తుంది. పెద్ద ఓ అంటే పైన కొత్త లైన్ తెరిచి మళ్లీ ఇన్సర్ట్‌లోకి వెళ్లమని. ఇక మిగిలిన ‘ఏ’ అనే అక్షరం ఆ లైన్లో పడుతుంది. అందుకే నీకు ఉత్త అక్షరాలు కాకుండా, ప్రతిసారీ ఒక కొత్త లైన్ కూడా వస్తోంది చూడు.

అక్కడికక్కడ ఆపాలంటే ‘కోలన్ సెట్ నోకంపాటిబుల్’ కొట్టు. ఎప్పటికీ పోవాలంటే ఆ సర్వర్‌లో నీ హోమ్‌లో విమ్‌ఆర్‌సీ పెట్టి మొదటి లైన్‌గా అదే రాయి. సుడో (అడ్మిన్‌గా కమాండ్లు నడిపే) హక్కులుండి, మీ అడ్మిన్ ఒప్పుకుంటే పూర్తి విమ్ ఇన్‌స్టాల్ చేయడం అన్నిటికన్నా మేలు. ఏదీ కుదరకపోతే ఎస్కేప్ కొట్టి హెచ్, జే, కే, ఎల్‌తో కదులు. బిల్ జాయ్ వీఐ రాసుకున్న ఏడీఎం-3ఏ టెర్మినల్ కీబోర్డు మీద బాణాలు ఆ నాలుగు అక్షరాల మీదే అచ్చువేసి ఉండేవి, అందుకే ఆ కీలు వచ్చాయి. ఏ సర్వర్‌లోనైనా, ఎంత పాత వీఐలోనైనా ఇవి పనిచేస్తాయి.

ల్యాప్‌టాప్‌కీ సర్వర్‌కీ ఒకే విమ్‌ఆర్‌సీ వాడాలనుకుంటే ఒక కిటుకు ఉంది. టైనీలో ఇఫ్‌లు, లెట్‌లు అర్థం చేసుకునే భాగమే ఉండదు. ‘లెట్’ అని రాస్తే ఎర్రర్ ఇస్తుంది. కానీ ‘ఇఫ్’ కనపడితే మాత్రం ఏమీ అడక్కుండా ‘ఎండిఫ్’ దాకా వదిలేసి ముందుకు పోతుంది. కాబట్టి పూర్తి విమ్‌కు మాత్రమే పనికొచ్చేవన్నీ ‘ఇఫ్ 1’ లోపల పెట్టేయి. నీకు సరిపోయే మొత్తం ఫైల్ ఇదే:

సెట్ నోకంపాటిబుల్
ఇఫ్ 1
  రన్‌టైమ్ డిఫాల్ట్స్.విమ్
  ఫైల్‌టైప్ ప్లగిన్ ఇండెంట్ ఆన్
ఎండిఫ్
సెట్ మౌస్=
సెట్ నంబర్
సెట్ షిఫ్ట్‌విడ్త్=4
సెట్ సాఫ్ట్‌ట్యాబ్‌స్టాప్=-1
సెట్ ఎక్స్‌ప్యాండ్‌ట్యాబ్
సెట్ ఆటోఇండెంట్
సెట్ ఇగ్నోర్‌కేస్
సెట్ స్మార్ట్‌కేస్

చివరి రెండూ జంటగా ఉంటేనే ఉపయోగం. చిన్నక్షరాలతో వెతికితే చిన్నా పెద్దా తేడా చూడదు, వెతికే మాటలో ఒక్క పెద్దక్షరం కొట్టినా తేడా చూస్తుంది. లాగ్ ఫైళ్లలో ఎర్రర్లు వెతికేవాళ్లకు ఇది పెద్ద సుఖం.

ఫైల్ ఇంత చిన్నదేంటి అనిపించవచ్చు. అక్కడికే వస్తున్నాను, ఆ నాలుగొందల లైన్ల ఫైల్ దగ్గరికి. అమీర్‌పేటలో పాత బ్యాచ్ వాళ్ల జిరాక్స్ నోట్స్ తిరుగుతుంటాయి చూడు, ఎవరు రాశారో, ఏ వెర్షన్‌కు రాశారో తెలియదు, అయినా అందరూ కొంటారు. ఇదీ అలాంటిదే. అలాంటి ఫైళ్లలో నాకు తరచూ కనపడేవి చెప్తాను. మొదటిది ‘సెట్ పేస్ట్’. పేస్ట్ చేసినప్పుడు ఇండెంట్ మెట్లు మెట్లుగా పడకుండా ఉండటానికి ఎప్పుడో ఎవరో పెట్టుకుని ఉంటారు. అది ఆన్‌లో ఉన్నంతసేపూ ఎక్స్‌ప్యాండ్‌ట్యాబ్, ఆటోఇండెంట్ ఆఫ్ అయిపోతాయి, ఇన్సర్ట్ మోడ్ షార్ట్‌కట్‌లు పనిచేయవు. నువ్వు ఎన్ని ట్యాబ్ సెట్టింగ్‌లు పెట్టినా దండగే. విమ్ 8 తర్వాత మంచి టెర్మినళ్లలో పేస్ట్ అయినదేదో విమ్ తనే గుర్తుపడుతుంది, దీని అవసరమే తక్కువ. అవసరమైతే అప్పటికి పెట్టి, వెంటనే ‘సెట్ నోపేస్ట్’ కొట్టేయాలి.

రెండోది ‘మ్యాప్’తో రాసిన షార్ట్‌కట్‌లు. ‘ఎన్‌మ్యాప్’తో రాస్తే కుడివైపున్న కీలను విమ్ మళ్లీ షార్ట్‌కట్‌లుగానే చదువుతుంది, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్తుంది. ‘ఎన్‌నోర్‌మ్యాప్’ అయితే ఆ గొడవ ఉండదు. నీ సొంత షార్ట్‌కట్‌లు ఎప్పుడూ నోర్ ఉన్న రకంతోనే రాయి. ఏ కీ ఎవరి చేతిలో ఉందో తెలియాలంటే ‘కోలన్ వెర్బోస్ ఎన్‌మ్యాప్’ కొట్టి ఆ కీ రాయి, అదే లాస్ట్ సెట్ ఫ్రమ్ ఇక్కడా చెప్తుంది.

మూడోది, విమ్‌ఆర్‌సీ అంటే ఉత్త సెట్టింగ్‌ల పట్టిక కాదు, అది నడిచే ప్రోగ్రామ్. అందులోంచి సిస్టమ్ కమాండ్లు నడపవచ్చు, నెట్ నుంచి ఏదైనా దింపవచ్చు. కంపెనీ ల్యాప్‌టాప్ మీద, ప్రొడక్షన్‌కు దారి ఉన్న మెషిన్ మీద, చదవని నాలుగొందల లైన్లు పెట్టడం నాకైతే నచ్చదు. మీ సీనియర్ చెడు కోరి చెప్పలేదు, ఆయనకు అది పనిచేస్తోంది కాబట్టి చెప్పారు. ఆ ఫైల్లో నీకు నచ్చిన లైన్ ఉంటే ‘కోలన్ హెల్ప్’ కొట్టి ఆప్షన్ పేరు సింగిల్ కోట్స్‌లో రాసి చదువు. అర్థమైతే ఆ ఒక్క లైన్ తెచ్చుకో. ఇంత జాగ్రత్తపడినా ఎప్పుడైనా ఏదో తేడా వస్తే ‘విమ్ --క్లీన్’ అని తెరువు. నీ ఫైళ్లేవీ చదవకుండా, డిఫాల్ట్స్‌తో మాత్రం వస్తుంది. అక్కడ సమస్య లేకపోతే తప్పు నీ విమ్‌ఆర్‌సీలోనే ఉంది, సగం లైన్లు కామెంట్ చేసుకుంటూ పట్టుకోవచ్చు.

నువ్వు అడగలేదు గానీ స్వాప్ ఫైళ్ల (సేవ్ చేయని మార్పులను విమ్ దాచుకునే ఫైళ్ల) గురించి రెండు మాటలు చెప్పాలి. వాన పడితే మన దగ్గర కరెంటూ వైఫై ఒకదాని వెనక ఒకటి పోతాయి కదా. సర్వర్‌లో ఫైల్ ఎడిట్ చేస్తుండగా కనెక్షన్ తెగితే, మళ్లీ తెరిచినప్పుడు ఈ325 అని స్క్రీన్ నిండా హెచ్చరిక వస్తుంది. చాలామంది టెన్షన్‌లో ‘ఈ’ అక్షరం కొట్టి ‘ఎడిట్ ఎనీవే’ అంటారు. ఆగి చదువు. ప్రాసెస్ ఐడీ పక్కన ‘స్టిల్ రన్నింగ్’ అని ఉంటే ఆ ఫైల్ ఇంకెవరో తెరిచి ఉన్నారు, లేదా నువ్వే ఇంకో విండోలో తెరిచావు. అప్పుడు క్యూ కొట్టి బయటికి రా. అది లేకపోతే ఆర్ కొట్టి రికవర్ చెయ్యి, వేరే పేరుతో సేవ్ చేసి అసలు దానితో డిఫ్ చూసుకో, సరిగ్గా ఉంటే స్వాప్ ఫైల్ డిలీట్ చెయ్యి. నువ్వు 200 అక్షరాలు కొట్టగానే, లేదా 4 సెకన్లు చేతులు ఆపగానే విమ్ స్వాప్‌లో రాసుకుంటుంది కాబట్టి పోయేది కొంచెమే. అందుకే ‘సెట్ నోస్వాప్‌ఫైల్’ అని విమ్‌ఆర్‌సీలో రాసుకోమనే సలహా ఎవరిచ్చినా వినకు.

దీనికి అటువైపు కూడా ఉంది. పాస్‌వర్డ్‌లున్న ఫైల్ తెరిస్తే అవి స్వాప్‌లోకి వెళ్తాయి. అన్‌డూఫైల్ (చేసిన మార్పుల చరిత్రను ఫైల్లో దాచే ఆప్షన్) ఆన్‌లో ఉంటే నువ్వు తుడిచేసిన పాస్‌వర్డ్ కూడా పక్కనే ఆ ఫైల్లో ఉండిపోతుంది. కాపీ చేసిన ముక్కలు విమ్‌ఇన్ఫో అనే విమ్ చరిత్ర ఫైల్లోకి వెళ్తాయి. అలాంటి ఫైళ్లు తెరిచేటప్పుడు మాత్రం ‘విమ్ -ఎన్ -ఐ నన్’ అని తెరువు, అందులో నన్ అన్నది పెద్దక్షరాల్లో. తెరిచాక ‘సెట్ నోఅన్‌డూఫైల్’ కొట్టు. సిస్టమ్ ఫైళ్లకు సుడో విమ్ బదులు ‘సుడోఎడిట్’ అలవాటు చేసుకో. కాపీ మీద ఎడిట్ చేయించి తర్వాత అసలు చోట పెడుతుంది, ఎడిటర్ నీ యూజర్ పేరుతోనే నడుస్తుంది కాబట్టి నీ సెట్టింగ్‌లే వస్తాయి.

తెలుగు కామెంట్లు రాస్తే కర్సర్ ఎక్కడికో జరుగుతోందని ఇంకొకరు కింద అడిగారు. అది సెట్టింగ్‌తో పూర్తిగా పోదు. ‘కి’ మీద కర్సర్ పెట్టి ‘జీఏ’ కొట్టండి. క ఒకటి, గుడి ఒకటి, రెండు కోడ్‌లు కనపడతాయి, 0సీ15, 0సీ3ఎఫ్ అని. గుణింతపు గుర్తుకు ఎంత వెడల్పు ఇవ్వాలో టెర్మినల్ ఒక లెక్క వేస్తుంది, విమ్ ఒక లెక్క వేస్తుంది. రెండూ కలవనిచోట కర్సర్ పక్కకు పోతుంది. ‘క్ష’ అయితే విమ్‌కు రెండు గళ్లు, ఎక్స్ కొడితే పొల్లుతో సహా క పోయి ష మిగులుతుంది. ఫైల్ మాత్రం చెడిపోదు. టెర్మినల్ మార్చి చూడండి, కొన్ని నయంగా ఉంటాయి. తెలుగులో పేజీలకు పేజీలు రాయాలంటే మాత్రం గ్రాఫికల్ ఎడిటర్‌లో రాయడమే సుఖం.

నానో అనే తేలిక ఎడిటర్ వాడితే తక్కువేం కాదు తమ్ముడూ. హోమ్‌లో డాట్ నానోఆర్‌సీ పెట్టి ‘సెట్ ట్యాబ్‌సైజ్ 4’, ‘సెట్ ట్యాబ్స్‌టుస్పేసెస్’, ‘సెట్ లైన్‌నంబర్స్’ అని మూడు లైన్లు రాస్తే సరిపోతుంది. పాత సర్వర్‌లో 4.0 కన్నా ముందు వెర్షన్ ఉంటే, పొడుగు లైన్లను అదే విరగ్గొట్టి సేవ్ చేయవచ్చు, కాన్ఫిగ్ ఫైళ్లకు అది ప్రమాదం. అక్కడ ‘నానో -డబ్ల్యూ’ అని తెరువు. క్రాన్‌ట్యాబ్ (టైముకు పనులు నడిపే పట్టిక) తెరిస్తే నానో వస్తోంది, విమ్ కావాలి అనుకుంటే డెబియన్, ఉబుంటుల్లో ‘సెలెక్ట్-ఎడిటర్’ కమాండ్ కొట్టి ఎంచుకో.

ఒక్కటి మాత్రం నీ ప్రశ్నలో తేలలేదు. ఆఫీసు సర్వర్‌లో నీ పేరుతో లాగిన్ అవుతున్నావా, టీమ్ అంతా ఒకే కామన్ యూజర్‌తో లాగిన్ అవుతున్నారా? కామన్ అయితే అక్కడి హోమ్‌లో నీ విమ్‌ఆర్‌సీ పెట్టకు, అందరికీ మారిపోతుంది. నీ పేరుతో ఒక సబ్‌ఫోల్డర్ చేసుకుని, ఫైల్ అందులో పెట్టి, ‘విమ్ -యూ’ తర్వాత ఆ ఫైల్ దారి ఇచ్చి తెరువు. సంగతి ఏంటో కింద రాయి. ఆ ‘వెర్బోస్ సెట్’ కొట్టినప్పుడు వచ్చిన రెండు లైన్లు కూడా అలాగే కాపీ చేసి పెట్టు.